ఒక్క పిల్ల, ఒక్క ప్రశ్న: డిస్లెక్సియా మీద ప్రాజెక్టు ఇలా చెయ్యండి

ఒడిశాలోని మా పర్లాకిమిడి బి.ఎడ్. విద్యార్థులు నా దగ్గరికి తెచ్చే ప్రాజెక్టు పేర్లలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి: "డిస్లెక్సియా పిల్లల పఠన సమస్యలు, పరిష్కారాలు." (డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా అక్షరాలని శబ్దాలతో జతచేసి చదవడం కష్టమయ్యే ఇబ్బంది.) అంత విషయం ఒక టర్ములో తేలదు. ఒక్క పిల్లని తీసుకోండి, ఒక్క ప్రశ్న వేసుకోండి. "తెలుగు, ఒడియా రెండూ నేర్చుకుంటున్న ఈ మూడో తరగతి పిల్లకి గుణింతపు గుర్తులు రాస్తూ, పలుకుతూ నేర్పితే, ఎప్పుడూ చూడని మాట చదవగలదా?" ఈపాటి ప్రశ్న చాలు.

"మా గుంటకి చదువు అబ్బలేదు టీచరమ్మా" అని తల్లి అంటుంది. ఆ మాట పట్టుకుని డిస్లెక్సియా అని రాసెయ్యకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన వైకల్యాలకు చోటుంది. కానీ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది వైద్యులు, విద్యార్థులు కాదు. మీ నివేదికలో "చదవడానికి ఇబ్బంది పడుతున్న పిల్ల" అని రాస్తే సరిపోతుంది. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించమనండి. తల్లిదండ్రుల దగ్గర, హెడ్మాస్టరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పిల్ల అసలు పేరు ఎక్కడా రాయకండి.

మన సరిహద్దు ఊళ్లలో ఒక చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. ఇ, ఈ రాతలో వేరే అయినా పలకడంలో తేడా వినబడదు. అలాంటి పిల్ల "నేల"ని "నెల" అనీ, "కోన"ని "కొన" అనీ చదివితే అది ఒడియా అలవాటు కావచ్చు. పైగా ఒడియాలో ఏత్వం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన ఉంటుంది, మనకి నెత్తిమీద. ఇబ్బంది ఒక్క లిపిలోనే ఉంటే ముందు ఆ లిపి సరిగ్గా నేర్పారా అని చూడండి. రెండింటిలోనూ తడబడుతూ, పుస్తకం మూసేసినా శబ్దాల దగ్గర తడబడితే అప్పుడు అనుమానించాలి.

కాబట్టి మొదటి పరీక్ష నోటితోనే. "పలక"లో "ప" తీసేస్తే ఏం మిగులుతుంది? కల, కప్ప, మర: వీటిలో వేరేగా మొదలయ్యేది ఏది? తర్వాత పాలు, పూలు, పేలు చెప్పి, ఎక్కడ మారిందో అడగండి. పేలు అనగానే నవ్వుతారు, బెరుకు పోతుంది.

చదివించి చూసేటప్పుడు పాఠ్యపుస్తకం వాడకండి. చదవలేని పిల్లలు పాఠం మొత్తం కంఠతా పట్టి, వేలు జరుపుతూ అప్పజెప్పేస్తారు. వరస మధ్యలో వేలు పెట్టి "ఇదేమిటి?" అంటే ఆగిపోతారు. అర్థంలేని మాటలు మీరే కల్పించండి: మిబో, తేగు, లూప. ఇరవై చాలు. ఒక నిమిషంలో ఎన్ని చదివిందో, దేన్ని ఏమని చదివిందో రాసుకోండి. నేర్పడం మొదలుపెట్టక ముందే ఇది మూడు వేర్వేరు రోజుల్లో చెయ్యండి. మూడు రోజులూ అంకె దాదాపు ఒకటే వస్తే, తర్వాత కనబడే పెరుగుదల మీ బోధన వల్లే అనడానికి కొంత బలం ఉంటుంది. కొన్ని గుర్తులు కావాలనే నేర్పకుండా ఉంచండి, పోల్చి చూడ్డానికి.

రోజుకి అరగంట దాటొద్దు. మహేంద్రతనయ నది ఇసుక జల్లించి పళ్లెంలో పొయ్యండి. పిల్ల వేలితో రాస్తూ ఆ శబ్దాన్నే పలకాలి. చూపు, వినికిడి, స్పర్శ కలిపి నేర్పే ఈ పద్ధతిని 1930లలో అమెరికాలో ఆర్టన్ అనే వైద్యుడు, గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయురాలు ఇంగ్లీషు కోసం రూపొందించారు. వాళ్ల స్పెల్లింగు సూత్రాలు మనకి పనికిరావు. ఒక్కో మెట్టూ గట్టిపడ్డాకే పైకి వెళ్లడం మాత్రం తీసుకోండి. గుడి, గుడిదీర్ఘం ఒకే రోజు చెప్పకండి, చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. "క, కా, కి, కీ" అని పాడించకండి. "కూ" కావాలంటే "క" దగ్గర్నుంచి పరుగెత్తుకు రావాల్సి వస్తుంది. వరస తప్పించి అడగండి.

వివరించేది మాత్రం ఇంటి భాషలోనే. ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లలకి వాళ్ల సవర భాషలోనే చదువు చెప్పించడానికి ఎంత పాటుపడ్డారో మనకి తెలుసు.

అంకెలన్నీ గ్రాఫు కాగితం మీద పెట్టండి, తగ్గిన రోజులతో సహా. పిల్లకి జ్వరమొచ్చిన వారం కూడా దాచకండి. నేను మార్కులు వేసేటప్పుడు మొదట చూసేది ఆ గ్రాఫునే.

ప్రాజెక్టు కాలేజీకి ఇస్తారు కదా, క్లాసు టీచరుకి కూడా ఒక పేజీ రాసివ్వండి: ఏ గుర్తులు వచ్చాయి, ఏవి ఇంకా రాలేదు, తర్వాత ఏది మొదలుపెట్టాలి. అందరి ముందూ ఆ పిల్ల చేత గట్టిగా చదివించొద్దనీ, పరీక్షలో ప్రశ్నలు ఎవరైనా చదివి వినిపించాలనీ అందులోనే రాయండి.