బ్లడ్‌స్టెయిన్డ్: ఏ మోడ్ ముందు, ఏది తర్వాత

‘బ్లడ్‌స్టెయిన్డ్: రిచువల్ ఆఫ్ ద నైట్’ అనే వీడియో గేమ్ కొన్న వాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: "అక్కా, నార్మల్‌లో ఆడాలా, హార్డ్‌లోనా?" ఇలాంటి ఆటల్లో మీ చెయ్యి ఎంత తిరిగినా సరే, మొదటిసారి నార్మలే ఆడండి. అయినా మొదట్లో మీకు ఇంకో దారి కూడా ఉండదు. ఆట ఎంత కష్టంగా ఉండాలో చెప్పే మోడ్‌లు మూడు: నార్మల్ పూర్తి చేస్తే హార్డ్ తెరుచుకుంటుంది, హార్డ్ పూర్తి చేస్తే నైట్‌మేర్. దొంగదారి ఒకటుంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కథ జరిగేది 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో. ఒంట్లో స్ఫటికాలు మొలిచే శాపం ఉన్న మిరియమ్ అనే అమ్మాయి రాక్షసులతో నిండిన కోటలోకి వెళ్తుంది. చంపిన రాక్షసుల నుంచి ‘షార్డ్’లు వస్తాయి, ఒక్కో షార్డ్‌తో ఒక్కో శక్తి. తీసినాయన కోజీ ఇగరాషి. 1997 నాటి ‘క్యాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ద నైట్’ టీమ్‌లో ఉన్న మనిషి. 2015లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో చందాలు అడిగితే అభిమానులు 55 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. ఆట 2019 జూన్‌లో వచ్చింది.

ఇక నార్మల్ విషయం. ఈ ఆటలో కష్టం సగం మెనూలో ఉంటే, మిగతా సగం వంటింట్లో ఉంది. అర్వాంట్‌విల్ అనే ఊళ్లో జోహానస్ అని ఒకాయన ఉంటాడు. మనం తెచ్చిన సరుకులతో ఆయుధాలు చేసేదీ ఆయనే, వంట చేసిపెట్టేదీ ఆయనే. చాలామంది తిండిని మందు సీసాలాగా ప్రాణం పోయేటప్పుడు వాడేసి వదిలేస్తారు. కానీ ఏ వంటకమైనా మొదటిసారి తిన్నప్పుడు మిరియమ్ బలం శాశ్వతంగా కొంచెం పెరుగుతుంది. దాడో, రక్షణో, ప్రాణమో, ఏదో ఒకటి. ఒకే వంటకం పదిసార్లు తింటే ఆ లాభం రాదు, పది వేరువేరు వంటకాలు తింటే పదిసార్లూ వస్తుంది. కాబట్టి కొత్త వంట పద్ధతి ఎక్కడ దొరికినా వదలకండి. కొత్త వంట చేయించగానే ఒకటి అక్కడికక్కడే తినేయండి. నేను ఊళ్లో అడుగుపెడితే ముందు వంట, తర్వాతే కత్తి. ఇంట్లో ఇంత శ్రద్ధగా వండుతానో లేదో మాత్రం అడక్కండి.

షార్డ్‌లకూ రెండు లెక్కలున్నాయి. ఒకే రకం రాక్షసుడి నుంచి అదే షార్డ్ మళ్లీ మళ్లీ వస్తే ‘గ్రేడ్’ పెరుగుతుంది. జోహానస్‌కి సరుకులిచ్చి పెంచుకునేది ‘ర్యాంక్’. రెండూ తొమ్మిది దాకా వెళ్తాయి. పసుపు రంగు ‘పాసివ్’ షార్డ్‌ని తొమ్మిదో ర్యాంక్‌కి తీసుకెళ్తే, దాన్ని తొడుక్కోకపోయినా ఆ గుణం మీతోనే ఉండిపోతుంది. కనపడ్డ ప్రతిదాన్నీ కొంచెం కొంచెం పెంచకండి, ఒకటి రెండు పట్టుకుని చివరి దాకా తీసుకెళ్లండి.

చచ్చిపోతే ఆట చివరి సేవ్ గది నుంచే మొదలవుతుంది, మధ్యలో జరిగిందంతా పోయినట్టే. అందుకే ఊళ్లో డొమినిక్ అనే ఆవిడ కొట్లో ‘వేస్టోన్’ ఒకటి ఎప్పుడూ కొనిపెట్టుకోండి. అది వాడితే నేరుగా ఊళ్లోకి వచ్చేస్తారు. ప్రాణం అడుగంటి, సంచీ నిండా సరుకులున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇంకొక్క మాట, కథ చెప్పేయకుండా చెప్తాను. గెబెల్ అనే బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, ఓడించగానే చివరి పేర్లు వచ్చేస్తే, ఆట అయిపోయిందని సంబరపడకండి. కోటలో ఇంకా చాలా మిగిలే ఉంది. పాత సేవ్ తెరవండి, ఆ పోరులో చంద్రుడి రంగు మీద ఓ కన్నేసి ఉంచండి. జాంగెట్సు అనే జపాన్ వీరుడి కత్తి మీ దగ్గర ఉంటేనే అసలు ముగింపు వైపు దారి తెరుచుకుంటుంది.

నార్మల్‌లో మూల మూలా వెతికే అలవాటున్నవాళ్లకి రెండో సగం మెత్తబడిపోతుంది. హార్డ్ అలాంటివాళ్ల కోసం. దెబ్బలు గట్టిగా తగులుతాయి, కొన్నిచోట్ల శత్రువుల ఏర్పాటు మారుతుంది. దారి తెలిసిన ధీమాతో గదిలోకి దూకితే అక్కడ వేరేవాళ్లు కాచుకుని ఉంటారు. నా లెక్కలో ఈ ఆటకి అసలైన రుచి హార్డే. కానీ పాత లెవెల్, పాత ఆయుధాలు వెంట వచ్చే ‘న్యూ గేమ్ ప్లస్’తో ఆడితే ఆ రుచి ఉండదు. కథ ఇంకోసారి చూడాలంటే అది చాలు, చెమట పట్టాలంటే కొత్త ఫైల్ తెరిచి మొదటి నుంచి ఆడండి.

నైట్‌మేర్ వేరే లోకం. మిరియమ్ ఆట మొత్తం ఒకటో లెవెల్‌లోనే ఉంటుంది. ఎంతమందిని చంపినా లెవెల్ పెరగదు. అంటే లెవెల్ పెంచుకుని బాస్ దగ్గరికి తిరిగి రావడమనే మన పాత అలవాటు చెల్లదు. మిగిలేవి నాలుగు: ఆయుధాలు, షార్డ్‌లు, గోడల వెనక దాచిన ప్రాణం పెంచే వస్తువులు, తిండి. నార్మల్‌లో వంటింటిని నిర్లక్ష్యం చేసినవాళ్లకి ఇక్కడ ఏడుపే. బాస్ గది ముందు ఆగి, వాడి ఏ కదలిక తర్వాత ఏది వస్తుందో బట్టీ పట్టాల్సిందే. దీనికి సాధన నార్మల్‌లోనే చేయొచ్చు: దెబ్బ తగలకుండా బాస్‌ని ఓడిస్తే ఆ బాస్ పేరిట మెడల్ ఇస్తారు. మెడల్ సంపాదించిన బాస్ నైట్‌మేర్‌లో మిమ్మల్ని అంతగా భయపెట్టదు.

ఇక ఆ దొంగదారి. కొత్త ఫైల్‌కి పేరు అడిగినప్పుడు ‘నైట్‌మేర్’ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొడితే హార్డ్, నైట్‌మేర్ రెండూ అప్పుడే తెరుచుకుంటాయి. ‘సింఫనీ’లో ఒకసారి ఆట పూర్తి చేశాక ‘రిక్టర్’ అని పేరు కొడితే రిక్టర్ అనే పాత్రతో ఆడనిచ్చేవాళ్లు, ఇదీ అదే వరస. ఫైల్ పోయి మళ్లీ మొదలుపెట్టేవాళ్లకి ఇది వరం. కొత్తవాళ్లు మాత్రం ముట్టుకోకండి.

ఆట సరిగ్గా పూర్తి చేశాక జాంగెట్సుతో ఆడి చూడండి. షార్డ్‌లు లేవు, వంట లేదు, ఆయుధాలు మార్చుకోవడం లేదు. ముఖ్యంగా ఆయన కత్తినే నమ్ముకోవాలి. బట్టల బీరువాలా ఆయుధాల మెనూ ముందు పావుగంట నిలబడే నాలాంటివాళ్లకి ఇది మంచి మందు. గొడుగుతో కొట్టి నెత్తురు పీల్చుకునే బ్లడ్‌లెస్‌తో కూడా ఆడొచ్చు, బాస్‌గా మనల్ని ఏడిపించినావిడే. బాస్‌లతో వరసగా పోరాడే బాస్ రష్, ఎంత వేగంగా ముగిస్తామో చూసే స్పీడ్‌రన్, ఈ రెండూ పోటీ మనస్తత్వం ఉన్నవాళ్లకి. క్లాసిక్ మోడ్ 1980ల నాటి పద్ధతిలో స్టేజీ తర్వాత స్టేజీగా సాగుతుంది. ఒక సాయంత్రం కాలక్షేపానికి బాగుంటుంది, అంతకుమించి నాకు ఎక్కలేదు.

నేను మళ్లీ మళ్లీ తెరిచేది 2020లో చేర్చిన ‘రాండమైజర్’. ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో, ఏ రాక్షసుడు ఏం వదులుతాడో, కొట్లో ఏం అమ్ముతారో అన్నీ కలిపేస్తుంది. ఏవి కలపాలో మీరే ఎంచుకోవచ్చు. మొదటిసారి అన్నీ కలిపేస్తే తల తిరుగుతుంది. వస్తువుల చోట్లు మాత్రం మార్చి, కొట్టునీ వంటనీ ఉన్నట్టే ఉంచండి. ప్రతి ఆటకీ ‘సీడ్’ అనే ఒక కోడ్ ఉంటుంది, అది ఇంకొకరికి ఇస్తే వాళ్లకీ అదే కోట వస్తుంది. డాలస్‌లో ఉన్న మా మరిదికి శనివారం సీడ్ పంపిస్తాను, ఇద్దరం విడివిడిగా ఆడతాం. ముందే ఒక ఒప్పందం: ఎవరికి ఏది ఎక్కడ దొరికిందో ఆట అయ్యేదాకా నోరు విప్పకూడదు. వాడు విప్పుతాడు. అందుకే నేను పూర్తి చేసేదాకా ఫోన్ ఎత్తను.