వంద పీసులు వేసినా హోల్‌సేల్ రేటు పడట్లేదా? స్పెషల్ ట్యాబ్ తెరిచి చూశారా?

ఓపెన్‌కార్ట్‌లో, అంటే ఆన్‌లైన్ షాపు నడిపే సాఫ్ట్‌వేర్‌లో, 25 పీసులకి ఒక రేటు, 50కి ఒక రేటు, 100కి ఒక రేటు పెట్టుకుని, "సేవ్ చేశాను సార్, కార్టులో మాత్రం తగ్గట్లేదు" అంటూ అడ్మిన్ ప్యానెల్ స్క్రీన్‌షాట్ పంపుతుంటారు. అడ్మిన్‌లో మీరేం రాశారన్నది తర్వాత సంగతి, ముందు కార్టులో ఏం పడిందో చెప్పండి. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ అవ్వకుండా, 99 పీసులు వేసి ఒక్కోదాని రేటు చూడండి, తర్వాత 100 చేసి మళ్లీ చూడండి. నిమిషం పని. ఇది చేయకుండానే ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. మీ ఫోన్లో ఎప్పుడో లాగిన్ అయి వదిలేసిన అకౌంట్ ఉంటుంది, దాంట్లో చూసిన రేటుని నమ్మొద్దు.

ఇక్కడ చెప్పేదంతా ఓపెన్‌కార్ట్ 3 వెర్షన్ గురించి. బెంగళూరు చిక్‌పేట, మామూల్‌పేట వైపు నేను చూసే షాపులు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి.

రేటు మారుతోంది, కానీ తప్పుగా

డిస్కౌంట్ ట్యాబ్‌లో ప్రైస్ అన్న చోట రాయాల్సింది తగ్గించే మొత్తం కాదు, ఆ సంఖ్యకి ఒక్కో పీసు ఎంతకి ఇస్తారో ఆ రేటు. పది రూపాయలు తగ్గిద్దామని 10 అని కొడితే 110 రూపాయల భరిణె పది రూపాయలకి పోతుంది. ఇలా పోయిన ఆర్డరు నేను చూశాను, నవ్వొద్దు. జీఎస్టీ కూడా అంతే. ప్రొడక్టుకి 5 శాతం ట్యాక్స్ క్లాస్ పెట్టి ఉంటే, కస్టమర్ కట్టాల్సింది 84 అయినప్పుడు మీరు రాయాల్సింది 80. 84 రాస్తే కార్టులో 88.20 అవుతుంది.

కొందరికి తగ్గుతోంది, కొందరికి తగ్గట్లేదు

కారణం కస్టమర్ గ్రూపు, అంటే కొనేవాళ్లని అడ్మిన్‌లో విడగొట్టి పెట్టే వర్గం. లాగిన్ కానివాళ్లు మామూలుగా డిఫాల్ట్ గ్రూపు కిందకి వస్తారు. డిఫాల్ట్ గ్రూపుకి రాసిన వరస హోల్‌సేల్ గ్రూపుకి వర్తించదు. అందరికీ ఒకేసారి పెట్టే సదుపాయం అక్కడ లేదు కాబట్టి ప్రతి గ్రూపుకీ 25, 50, 100 వరసలు మళ్లీ మళ్లీ రాసుకోవాల్సిందే. విసుగు పుడుతుంది, తప్పదు.

పేజీలో పట్టిక సరిగ్గానే ఉంది, కార్టులో మాత్రం వేరే రేటు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. చిక్‌పేటలో రిటర్న్ గిఫ్టులు అమ్మే ఒక షాపు, ఓనరు హిందూపురం వైపు మనిషి. కుంకుమ భరిణె ఒక్కటైతే 110. 25కి 100, 50కి 90, 100కి 80 అని నేనే పెట్టాను. వారం తిరక్కుండా ఫోన్: "అన్నా, వంద తీసుకున్నా 95 పడుతోందంట, గృహప్రవేశం వాళ్లు గొడవ చేస్తున్నారు." నేను టెస్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి వంద వేశాను, 80 చక్కగా పడింది. "పేజీ రిఫ్రెష్ చేయమనండి" అన్నాను. ఇలా మూడుసార్లు. నాలుగోసారి ఆయన గొంతు మారింది, దాంతో వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్‌పేటలో దిగి షాపుకే వెళ్లాను. ఆయన మేనల్లుడు తన ఫోన్లో లాగిన్ లేకుండా వంద వేసి నా ముందు పెట్టాడు. ట్యాక్స్ పక్కన పెడితే 9,500. పడాల్సింది 8,000. అదే స్క్రీన్ మీద వెనక్కి ఒక్క పేజీ వెళ్తే 100కి 80 అని పట్టిక నిక్షేపంగా కనిపిస్తోంది. కస్టమర్‌కి అది మోసంలా కనిపించడంలో తప్పేముంది?

జరిగింది ఏంటంటే, నేను రాకముందే ఎవరో దసరాకి స్పెషల్ ట్యాబ్‌లో 95 అని ఆఫర్ పెట్టి, ముగిసే తేదీ ఖాళీగా వదిలేశారు. తేదీ లేకపోతే ఆ ఆఫర్‌కి చావు లేదు. పైగా ఓపెన్‌కార్ట్ కార్టు లెక్క కట్టేటప్పుడు ముందు డిస్కౌంట్ చూస్తుంది, ఆ తర్వాత స్పెషల్ చూస్తుంది, స్పెషల్ ఉంటే దాన్నే తీసుకుంటుంది. రెండిట్లో ఏది తక్కువ అని పోల్చదు. 80 దొరికాక కూడా దాన్ని పక్కకి నెట్టి 95 వేస్తుంది. 25 తీసుకున్నవాళ్లకి 100 బదులు 95 పడింది కాబట్టి వాళ్లు కిక్కురుమనలేదు, పెద్ద ఆర్డరు పెట్టినవాళ్లే నష్టపోయారు. మరి నా టెస్ట్‌లో 80 ఎందుకు వచ్చింది? నా అకౌంట్ హోల్‌సేల్ గ్రూపులో ఉంది, దసరా స్పెషల్ డిఫాల్ట్ గ్రూపుకి మాత్రమే రాసి ఉంది. నేను చూసిన షాపు వేరు, జనం చూసిన షాపు వేరు.

పరిష్కారం సులువే. ఆ ప్రొడక్టు స్పెషల్ ట్యాబ్ తెరిచి పాత వరస తీసేయండి. ఆఫర్ కూడా నడవాలి, ఎక్కువ కొన్నవాళ్లకి ఇంకా తగ్గాలి అంటే, స్పెషల్ జోలికి పోకుండా డిస్కౌంట్ ట్యాబ్‌లోనే క్వాంటిటీ 1కి 95 అని ఒక వరస వేయండి. పేజీలో మామూలు రేటుగా 95 కనిపిస్తుంది, వంద వేస్తే 80కి దిగుతుంది. పోయేది ఒక్కటే, 110 కొట్టేసినట్టు గీత కనిపించదు. ఓనర్లకి ఆ గీత అంటే ప్రాణం, కాసేపు బతిమాలాల్సి వస్తుంది. ముగిసే తేదీ వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: 12 అని వేస్తే 11 అర్ధరాత్రికే ఆఫర్ అయిపోతుంది, 12న పనిచేయదు.

వందల ప్రొడక్టులుంటే ఒక్కోటి తెరుస్తూ కూర్చోకండి. డేటాబేస్‌లో ప్రొడక్ట్ స్పెషల్ టేబుల్ తెరిచి, ముగిసే తేదీ అన్నీ సున్నాలుగా ఉన్న వరసలు వెతకండి. ఆ షాపులో ఇలాంటివి నలభైకి పైనే దొరికాయి. ముందు బ్యాకప్ తీసుకోండి, ఇది కూడా చెప్పాలా అనుకోకండి.

వరసలో ఉండే ప్రయారిటీ సంఖ్య మార్చి చూశామంటారు కొందరు. ఒకే గ్రూపుకి ఒకే సంఖ్య మీద రెండు వరసలుంటేనే అది పనికొస్తుంది. స్పెషల్‌ని ఓడించడం దానివల్ల కాదు.

రంగులు కలిపి వంద అయ్యాయి, రేటు తగ్గలేదు

పొట్లీ బ్యాగులు ఐదు రంగుల్లో ఇరవయ్యేసి. రంగులు ఒకే ప్రొడక్టు కింద ఆప్షన్లుగా ఉంటే ఓపెన్‌కార్ట్ కలిపే లెక్కపెడుతుంది. ఒక్కో రంగునీ వేరే ప్రొడక్టుగా ఎక్కిస్తే కలపదు, అప్పుడు ప్రొడక్టులనే కలపాలి. ఆప్షన్‌కి ప్లస్ 5 అని పెట్టి ఉంటే ఆ ఐదు తగ్గిన రేటు మీద కూడా పడుతుంది. ఓపెన్‌కార్ట్ లాంటిదే అయిన ప్రెస్టాషాప్ వాడేవాళ్లు ప్రొడక్ట్ సెట్టింగ్స్‌లో క్వాంటిటీ డిస్కౌంట్ దేని మీద లెక్కపెట్టాలో చూసుకోండి, కాంబినేషన్లు అని ఉంటే రంగు రంగుకీ లెక్క వేరవుతుంది.

ఇవేవీ కాకపోతే ఏదో ఎక్స్‌టెన్షన్ (ఓపెన్‌కార్ట్‌కి అదనంగా తగిలించిన ప్రోగ్రామ్) కార్టు ఫైల్లో వేలు పెట్టి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటిగా ఆపుతూ, ఆపిన ప్రతిసారీ అడ్మిన్‌లో మోడిఫికేషన్స్ పేజీలో రిఫ్రెష్ కొట్టి కార్టు చూడండి. కరెన్సీ, సర్వర్ గడియారం లాంటి అనుమానాలు ఆ తర్వాత, మరీ తోచకపోతేనే.