అన్నయ్య పోయాక ఆయన రివాల్వర్‌ని ఏం చేయాలి, రివాల్వర్ల మీద ఆయనకున్న ఇష్టాన్ని ఎలా నిలుపుకోవాలి

తోబుట్టువు పోయిన ఇంట్లో లైసెన్సు రివాల్వర్ ఉంటే పదో రోజు దాకా ఆగకండి. ముందు దాని సంగతి చూడండి. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి పేరు మీద కాదు. ఆ మనిషి పోయాక ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు మనకు లేదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం వారసులు ఆలస్యం చేయకుండా దాన్ని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పగించాలి.

మా అన్నయ్యకు చెన్నై జార్జిటౌన్‌లో వెండి వ్యాపారం. రాత్రిపూట డబ్బుతో ఇంటికి రావాల్సి వచ్చేది కాబట్టి లైసెన్సు తీసుకున్నాడు. ఆయనది కాన్పూర్ ఫ్యాక్టరీలో చేసిన .32 బోరు రివాల్వర్. "అది బీరువాలో ఉండగా నాకు నిద్ర పట్టదమ్మా" అంది వదిన. ఇలాంటప్పుడు ఆ ఇంట్లో ఉండేవాళ్ల మాటే చెల్లాలి. మన మమకారం కోసం వాళ్లను టెన్షన్ పెట్టకూడదు.

ఆయుధం గురించి తెలియనివాళ్లు దాన్ని ముట్టుకోవద్దు. అందులో తూటాలు లేవని ఎవరు చెప్పినా నమ్మొద్దు. బీరువాకు తాళం వేసి, స్టేషన్‌కి ఫోన్ చేసి విషయం చెప్పి, ఎలా తెమ్మంటే అలా చేయండి. లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రం వెంట ఉంచుకోండి. రసీదు చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. ఆయుధం నంబరు, బోరు (గొట్టం లోపలి కొలత), ఎన్ని తూటాలు ఇచ్చారో ఆ లెక్క, మూడూ అందులో ఉండాలి.

తర్వాత అది మీకు కావాలా అన్న ప్రశ్న వస్తుంది. 2016 ఆయుధాల నియమాల్లో వారసులకు లైసెన్సు ఇచ్చే వీలుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా ఆ వారసుల్లోకి వస్తారు. చెన్నైలో దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కు చేసుకోవాలి. తహసీల్దార్ ఇచ్చే వారసు సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుకోలు, శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోవే.

నా అభిప్రాయం అడిగితే, షూటింగ్ రేంజికి వెళ్లి సాధన చేసే అలవాటు లేనివాళ్లు తీసుకోకపోవడమే మంచిది. నేను తీసుకోలేదు. డీలర్ ద్వారా అమ్మేయడానికి వదిన ఒప్పుకుంది. అన్నయ్యకూ నాకూ మధ్య ఉన్నది కాల్చే సరదా కాదు. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందన్న ముచ్చట. మీ ఇద్దరి మధ్య ఉన్నది ఏమిటో ముందు తేల్చుకోండి. దాన్నిబట్టే ఏది దాచుకోవాలో తెలుస్తుంది.

మేం దాచుకున్నది ఏ రివాల్వర్ గొప్పదన్న మా వాదన. అన్నయ్య వెబ్లీ అనే బ్రిటిష్ రివాల్వర్ పక్షం. పై గొళ్లెం నొక్కితే గొట్టం ముందుకు వంగి రివాల్వర్ మధ్యకు విచ్చుకుంటుంది. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ మధ్యలోంచి నక్షత్రంలాంటి ముక్క పైకి లేచి, పేలిన తూటాల ఆరు ఖాళీ తొడుగులనూ ఒకేసారి బయటికి నెడుతుంది. ఆయన .32 కూడా ఆ వంశానిదే. ఖాళీదాన్ని విప్పి, ఆ నక్షత్రం లేచి మళ్లీ టక్కున లోపలికి పడిపోవడం నాకు పదేపదే చూపించేవాడు. నేను నాగాంట్ పక్షం. 1895లో రష్యా సైన్యం తీసుకున్న ఏడు తూటాల రివాల్వర్ అది. మామూలు రివాల్వర్‌లో సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి వాయువు పోతుంది. నాగాంట్‌లో హ్యామర్‌ని, అంటే తూటాను పేల్చే సుత్తిలాంటి ముక్కను, వెనక్కి లాగగానే సిలిండర్ ముందుకు జరిగి ఆ సందును మూసేస్తుంది. "అంత తెలివి ఉండి ఏం లాభం, ఖాళీ తొడుగులు ఒక్కొక్కటే తియ్యాలిగా!" అనేవాడు అన్నయ్య. ఆ మాట నిజమే.

ఇలాంటి మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఒక్కో పేజీకి ఒక్కో రివాల్వర్. ఎడమవైపు ఆయన మాట, కుడివైపు మీది. ఆయన గీసిన బొమ్మలు, పుస్తకాల అంచుల్లో రాసుకున్నవి ఉంటే అతికించండి. గొంతు గుర్తున్నప్పుడే రాయాలి. ఆలస్యమైతే విషయం గుర్తుంటుంది గానీ ఆయన అన్న తీరు జారిపోతుంది.

చెక్కతో ఒక సిలిండర్ చేయించమని కూడా చెబుతాను. తుపాకీ బొమ్మ వద్దు, సిలిండర్ ఒక్కటి చాలు. రివాల్వర్‌కు పేరు తెచ్చిన అమెరికన్ శామ్యూల్ కోల్ట్ కుర్రాడిగా కలకత్తా వెళ్లే ఓడలో పనిచేస్తూ మొదటి నమూనా చెక్కతోనే చెక్కాడని చెబుతారు. అమెరికాలో ఆయనకు పేటెంట్ వచ్చింది 1836లో. లేత్ పని చేసే వడ్రంగి దగ్గర పిడికిట్లో పట్టేంత టేకు దిమ్మ తిప్పించండి. దాని ముఖం మీద వృత్తం గీసి, కంపాస్ కాళ్ల మధ్య దూరం మార్చకుండా అదే వృత్తం మీద చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే సరిగ్గా ఆరు వస్తాయి. ఆ ఆరు చోట్లా రంధ్రాలు, నడిమధ్య ఇరుసుకు ఒకటి. వెనకవైపు ఆరు పళ్లు కోయిస్తే, వేలితో ఒక్కో పన్ను నెట్టినప్పుడల్లా ఒక్కో రంధ్రం పైకి వస్తుంది. అసలు రివాల్వర్‌లో సిలిండర్‌ని తిప్పేది కూడా అలా నెట్టే చిన్న ఉక్కు ముక్కే.

మా మేనల్లుళ్లకు వాళ్ల నాన్న ఇష్టం అర్థమైంది దీనితోనే. సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియంలో పాత ఆయుధాలున్నాయి, పిల్లలను అక్కడికీ తీసుకెళ్లండి. శుక్రవారం సెలవు. అక్కడ నిలబడి చెప్పేటప్పుడు ముందు మీ అన్నయ్య పక్షాన్ని ఆయన మాటల్లోనే, ఏదీ తగ్గించకుండా చెప్పండి. మీ వాదన ఆ తర్వాత.