పెద్ద బృందంలో పోరాటం తూకం తప్పుతోందా? రాక్షసుల జోలికి వెళ్లేముందు చూడవలసినవి

ఏడెనిమిది మంది ఆటగాళ్లతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని డైస్‌తో ఆడే కథల ఆట) నడిపే డీఎంల (డంజన్ మాస్టర్లు, అంటే కథనూ రాక్షసులనూ నడిపేవారు) నుంచి, విజయవాడలోనైనా గుంటూరులోనైనా, వినిపించే ఫిర్యాదు దాదాపు ఒక్కటే. పుస్తకం లెక్కన ప్రాణాంతకం కావలసిన పోరాటం రెండు రౌండ్లలో ముగిసిపోతుంది. అది చూసి తరువాతి ఆదివారం రాక్షసులను బలపరిస్తే మొదటి రౌండ్‌లోనే ఇద్దరు నేలకూలుతారు. అప్పుడు అందరి చేయీ ముందుగా రాక్షసుల హిట్ పాయింట్ల (ఎంత దెబ్బ తట్టుకోగలవో చెప్పే అంకె) మీదికే పోతుంది. నిజానికి వాటిని అన్నిటికన్నా చివర ముట్టుకోవాలి. ఇది ఐదో ఎడిషన్ నడపడం తెలిసినవారి కోసం రాస్తున్నది కనుక ప్రాథమిక నియమాలు వివరించడం లేదు. ఉదాహరణలన్నీ ఐదో లెవెల్‌లో ఉన్న ఎనిమిది పాత్రల బృందానికి వర్తిస్తాయి.

ముందు లెక్క సరిచూసుకోండి

2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం ఈ లెవెల్‌లో ఒక్కో పాత్రకు కష్టమైన పోరాటం హద్దు 750 ఎక్స్‌పీ (రాక్షసుల బలాన్ని కొలిచే పాయింట్లు), ప్రాణాంతకమైనదాని హద్దు 1,100. అంటే ఎనిమిది మందికి 6,000, 8,800. రాక్షసులు మూడు నుంచి ఆరు వరకు ఉంటే వాటి ఎక్స్‌పీ మొత్తాన్ని రెండుతో హెచ్చించాలి. అయితే బృందంలో ఆరుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే ఒక మెట్టు దిగి ఒకటిన్నరతో హెచ్చించాలని అదే పుస్తకం చెబుతుంది, ఆ వాక్యాన్ని దాటేసేవారే ఎక్కువ. మూడు ట్రోల్‌లు (ఒక జాతి రాక్షసులు) కలిసి 5,400. హెచ్చిస్తే 8,100, అంటే కష్టం. నాలుగైతే 10,800, అంటే ప్రాణాంతకం. 2024 పుస్తకంలో ఈ హెచ్చింపే లేదు కాబట్టి అవే నాలుగు ట్రోల్‌లు అక్కడ 7,200గానే ఉండి, 8,800 అనే పై హద్దుకు లోపలే నిలుస్తాయి. ఒక పుస్తకంలోని హద్దును, మరో పుస్తకంలోని పద్ధతిని కలిపి వాడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

లక్షణం: ఒంటరి బాస్ (ముఖ్య రాక్షసి) తన వంతు రాకముందే చనిపోతోంది

కారణం వంతుల సంఖ్య. ఎనిమిది వంతుల ఎదుట ఒక్క వంతు నిలవదు, దాని ఛాలెంజ్ రేటింగ్ (బలం స్థాయి) ఎంతైనా సరే. లెజెండరీ యాక్షన్లు (ఇతరుల వంతుల చివర బాస్ చేసే అదనపు పనులు) మూడు ఉంటే పెద్ద బృందానికి ఐదు చేయండి. అంతకన్నా మంచి మార్గం నలుగురైదుగురు అనుచరులను చేర్చి, ఆటగాళ్ల దెబ్బలు ఒకేచోట పడకుండా చూడడం. దీనిపై ఇంతకుమించి చెప్పవలసింది లేదు.

లక్షణం: లెక్క సరిగ్గానే ఉంది, అనుచరులూ ఉన్నారు, అయినా పోరాటం తేలిపోతోంది

అసలు దొంగ ఇక్కడ ఉంది. రాక్షసుల పేజీలో ఎంత వెతికినా కనబడదు, ఎందుకంటే అది పోరాటం లోపల లేదు. రెండు పోరాటాల మధ్య ఉంది.

2014 నియమాలు లాంగ్ రెస్ట్‌కూ (శక్తులు తిరిగి నిండే పూర్తి విశ్రాంతి) లాంగ్ రెస్ట్‌కూ మధ్య మధ్యస్థమైన లేదా కష్టమైన పోరాటాలు ఆరు నుంచి ఎనిమిది వరకు జరుగుతాయని, నడుమ రెండు షార్ట్ రెస్ట్‌లు (చిన్న విశ్రాంతులు) ఉంటాయని భావించి కట్టినవి. ఐదో లెవెల్ పాత్ర ఒక రోజులో తట్టుకోగలదని పుస్తకం చెప్పే మొత్తం 3,500 ఎక్స్‌పీ. ఎనిమిది మందికి 28,000. మీరు కష్టపడి కూర్చిన 8,100 పోరాటం అందులో మూడో వంతు కూడా కాదు.

ఇప్పుడు మన బల్ల దగ్గర జరిగేది చూడండి. ఎనిమిది మంది ఉన్నప్పుడు ఒక పెద్ద పోరాటమే సాయంత్రమంతా తినేస్తుంది. గుంటూరు వెళ్లవలసినవారు బస్సు కోసం గడియారం చూడడం మొదలుపెడతారు, ఆట అక్కడితో ఆపేస్తారు. రెండు వారాల తరువాత మళ్లీ కూర్చోగానే ఎవరో ఒకరు రబ్బరు చేతిలో పట్టుకుని, "అన్నా, పోయినసారి అయిపోయింది కదా, అందరం ఫుల్‌గా ఉన్నట్టే కదా?" అని అడుగుతారు. డీఎం పటం పరుస్తూనే తల ఊపుతాడు. ఆ తల ఊపడంతో ఎనిమిది షీట్ల మీదా వాడేసిన స్పెల్ స్లాట్ల (మంత్రం వేసేందుకున్న అవకాశాలు) గుర్తులు చెరిగిపోతాయి, హిట్ పాయింట్లు నిండిపోతాయి. కథలో మాత్రం వారు ఇంకా అదే గుహలో, అదే శవం పక్కన నిలబడి ఉంటారు. ఎవరూ నిర్ణయించకుండానే సెషన్ ముగింపు లాంగ్ రెస్ట్‌గా మారిపోయింది.

ఫలితం ఎంత పెద్దదో అంకెల్లో చూడవచ్చు. ఐదో లెవెల్ విజార్డ్‌కు (మంత్రగాడికి) తొమ్మిది స్లాట్లు. వాటిలో మూడో లెవెల్‌వి రెండు. బృందంలో అటువంటివారు ముగ్గురుంటే మూడో లెవెల్ స్లాట్లు ఆరు. రోజంతటికీ దాచుకోవలసిన ఆ ఆరింటినీ వారు మొదటి రెండు రౌండ్లలో ఖర్చు చేస్తారు, తప్పుపట్టలేము కూడా. మూడో లెవెల్ మంత్రమైన ఫైర్‌బాల్ ఒక్కటే సగటున 28 డ్యామేజ్ చేస్తుంది, అది పేలుడులో చిక్కుకుని సేవ్ (తప్పించుకునేందుకు వేసే డైస్) తప్పిన ప్రతి రాక్షసికీ. దానికి జవాబుగా మీరు ట్రోల్‌లను పెంచారనుకోండి. ఒక ట్రోల్ మూడు దెబ్బలూ తగిలితే సగటున 29. ఓ మోస్తరు కాన్‌స్టిట్యూషన్ (శరీర దృఢత్వం) ఉన్న విజార్డ్ హిట్ పాయింట్లు 32 చుట్టూ ఉంటాయి. రెండు ట్రోల్‌లు అతని వైపు తిరిగితే అతని ఆట ముగిసినట్టే. బలపరిచిన పోరాటం కష్టతరం కాదు, జూదం అవుతుంది: ఇనిషియేటివ్ (వంతుల క్రమం తేల్చే డైస్) ఎవరికి ముందు పడితే వారిదే గెలుపు.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు, దాన్నే అందరూ దాటవేస్తారు. గత నాలుగైదు పోరాటాలు మొదలైనప్పుడు స్లాట్లు నిండుగా ఉన్నాయా? అవును అయితే రాక్షసుల్లో లోపం లేదు. మరో ఆనవాలు వార్‌లాక్ (మరో రకం మంత్రగాడు) ఆడే వ్యక్తి ముఖం. వార్‌లాక్‌కు ఈ లెవెల్‌లో రెండే స్లాట్లు, అవి షార్ట్ రెస్ట్‌తో తిరిగి వస్తాయి. షార్ట్ రెస్ట్ అన్నదే జరగని బల్ల దగ్గర అతను రెండు మంత్రాలు వేసి చేతులు కట్టుకుని కూర్చుంటాడు, పక్కన పాలడిన్ (పవిత్ర యోధుడు) ప్రతి దెబ్బకూ స్మైట్ (స్లాట్ ఖర్చుతో వచ్చే అదనపు డ్యామేజ్) కలుపుతూ ఉంటాడు. "నా క్లాసే బాగాలేదు" అని అతను అన్నప్పుడు క్లాస్ మార్చమని సలహా ఇవ్వకండి. విశ్రాంతుల లెక్క చూడండి.

పరిష్కారం మొదటి మెట్టు, కథలోని ఒక రోజును మూడు నాలుగు సెషన్ల మీదుగా సాగనివ్వడం. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే రెండు వారాల తరువాత ఎవరికి ఎన్ని స్లాట్లు మిగిలాయో ఎవరికీ గుర్తుండదు, గుర్తున్నవారు చెప్పరు. అందుకని స్లాట్లను కంటికి కనబడేలా పెట్టండి: మొదటి లెవెల్‌కు చింతపిక్కలు, రెండో లెవెల్‌కు గురివింద గింజలు, మూడో లెవెల్‌కు గవ్వలు. మంత్రం వేసిన ప్రతిసారీ ఒకటి డీఎం డబ్బాలో పడాలి. లేచి వెళ్లేటప్పుడు మిగిలినవాటిని పాత్ర పేరు రాసిన కవర్‌లో వేసి, హిట్ పాయింట్లు, మిగిలిన హిట్ డైస్ (షార్ట్ రెస్ట్‌లో హిట్ పాయింట్లు తిరిగి తెచ్చుకునే డైస్) అదే కవర్ మీద పెన్సిల్‌తో రాయించి, కవర్లన్నీ మీ దగ్గరే ఉంచుకోండి. షీట్ ఫొటో తీసి గ్రూపులో పెట్టమంటే సగంమంది పెట్టరు.

కథ గుహలో కాక ఊళ్ల మధ్య ప్రయాణంగా సాగుతుంటే 2014 పుస్తకంలోని గ్రిటీ రియలిజం పద్ధతి బాగా కుదురుతుంది: షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. అప్పుడు రాత్రి నిద్ర షార్ట్ రెస్ట్ మాత్రమే అవుతుంది, వార్‌లాక్ ముఖం విచ్చుకుంటుంది. మేజ్ ఆర్మర్ వంటి ఎనిమిది గంటల మంత్రాలు మాత్రం నష్టపోతాయి, కాబట్టి వాటి గడువు పెంచుతారో లేదో ముందుగానే చెప్పండి. పోరాటం మధ్యలో తెలిస్తే గొడవ.

ఈ రెండూ కుదరక, నిజంగానే రోజుకు ఒక్క పోరాటమే ఉంటే, రాక్షసులను బలపరచకుండా రెండు దఫాలుగా పంపండి. మొదటి దఫా మీద స్లాట్లు ఖర్చయ్యాక మూడో రౌండ్‌లో రెండోది రావాలి. అది ఏ తలుపు నుంచి వస్తుందో, ఏది జరిగితే రాదో మీ కాగితం మీద ముందే రాసి ఉండాలి. ఆట మధ్యలో హిట్ పాయింట్లను చాటుగా పెంచే డీఎంను ఆటగాళ్లు ఇట్టే పసిగడతారు.

లక్షణం: ఎనిమిది మందికి కూర్చితే ఐదుగురే వచ్చారు

పెళ్లి ముహూర్తాలున్న మాసాల్లో ఇది మామూలే. ప్రతి ఇద్దరు ఆటగాళ్లకు ఒక రాక్షసి చొప్పున పోరాటాన్ని ముక్కలుగా కూర్చితే, రానివారి ముక్క తీసేయవచ్చు. ఆ తీసేవి ఏవో ఇంటి దగ్గరే గుర్తుపెట్టుకోండి.

లక్షణం: పోరాటం తూకంగానే ఉంది, కానీ ఎంతకీ తెమలదు

ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు తీసుకున్నా ఎనిమిది మందికి పదహారు నిమిషాలు. రాక్షసుల డ్యామేజ్‌కు డైస్ వేయకుండా పుస్తకంలో అచ్చయిన సగటునే వాడండి, ఒకే జాతివాటికి ఒకే ఇనిషియేటివ్ ఇవ్వండి, తరువాతి వంతు ఎవరిదో ముందే పేరు పెట్టి పిలవండి.

మిగతా కారణాలు అరుదు. ఒకరి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) మరీ ఎక్కువైతే అతని మీద దాడులు తగ్గించి సేవింగ్ త్రోలు అడిగించండి. మ్యాజిక్ వస్తువులు ఎక్కువైపోయాయంటే కొత్తవి ఇవ్వడం ఆపండి. ఫలానావారి డైస్‌లో ఎప్పుడూ ఇరవయ్యే పడుతోందన్న ఫిర్యాదు వస్తే అందరికీ కలిపి ఒకే డైస్ సెట్ బల్ల మధ్యలో పెట్టండి, దాని గురించి అంతకుమించి ఆలోచించకండి.