ఉపగ్రహంలో బ్యాక్టీరియా: నేల మీది జంట పరీక్షను నడిపే విధానం

అంతరిక్షంలో యాంటీబయాటిక్ నిరోధకతపై ప్రాజెక్టు తలపెట్టే మన శ్రీకాకుళం, విజయనగరం డిగ్రీ విద్యార్థులు చాలావరకు రాకెట్టుతో మొదలుపెడతారు. నేల మీద నడిపే జంట పరీక్షతో, అంటే కక్ష్యలో చేయబోయేదాన్నే ముందు నేల మీద చేసి చూసే పరీక్షతో, మొదలుపెట్టమని నా సలహా.

ముందుగా ఈకామ్‌శాట్ ప్రయోగాన్ని చదవండి. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏమ్స్ కేంద్రం రూపొందించిన, సుమారు 11 కిలోల ఈ ఉపగ్రహాన్ని 2017 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి విడిచిపెట్టారు. మూత్రనాళ వ్యాధిని కలిగించే ఈ-కోలైని అందులో రెండు రకాలుగా పంపారు: ఒకటి సహజమైనది, మరొకటి ఆకలి, ఒత్తిడి వేళల్లో కణాన్ని కాపాడే ఆర్‌పీఓఎస్ జన్యువును తొలగించినది. కణాలను 24 గంటలకు పైగా ఆహారం లేకుండా ఉంచి, మూడు మోతాదుల్లో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, అలమార్‌బ్లూ అనే నీలి రంగు గులాబీగా మారే తీరును బట్టి వాటి జీవక్రియను కొలిచారు. భారరహిత స్థితిలో నిరోధకత పెరగలేదు సరికదా, రెండు రకాలూ మందుకు మరింత లొంగాయి. జన్యువు లేని రకం జీవక్రియ నేల మీదా, కక్ష్యలోనూ సహజ రకం కన్నా 34 నుంచి 37 శాతం తక్కువగానే ఉంది.

ఈ ఫలితాలకన్నా నాకు విలువైనదిగా తోచేది వారు నేల మీద రెండవసారి జరిపిన పరీక్ష. పరికరంలో వారాల తరబడి నిల్వ ఉండడమే కణాలను ఒత్తిడికి గురిచేసిందనీ, దానివల్ల చిన్న తేడాలు మరుగున పడి ఉండవచ్చుననీ అది తెలిపింది.

కాబట్టి రోగకారకం కాని ఈ-కోలై కె-12 రకాన్ని చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎం.టి.సి.సి. నుంచి కళాశాల ద్వారా తెప్పించుకొని, పెంచిన ఒకే కల్చరును రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని వెంటనే 37 డిగ్రీల వద్ద పెంచండి. రెండవ భాగాన్ని కక్ష్యకు చేరే ప్రయాణానికి పట్టే అన్ని రోజులూ, పంపదలచిన పరికరపు పెట్టెలోనే నిల్వ ఉంచి, ఆ తరువాతే పెంచండి. రెండింటికీ మందు, రంగు ఇచ్చి పోల్చండి. మే నెలలో మన గదుల వేడికి తోడు కరెంటు పోతే ఇంక్యుబేటర్, ఫ్రిజ్ రెండూ గతి తప్పుతాయి గనుక ఉష్ణోగ్రతను గంటగంటకూ రాసుకోవాలి. మందు లేని వెల్స్ (పరీక్ష పలకలోని చిన్న గుంటలు), కణాలు లేకుండా రంగు మాత్రమే ఉన్న వెల్స్ తప్పనిసరి. ఇవి లేకపోతే రంగు మారింది కణాల వల్లనో, మాధ్యమం వల్లనో చెప్పలేము. మందును తట్టుకొని బతికిన కణాలను దాచి మళ్లీ పెంచవద్దు. అన్నింటినీ 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేశాకే (పీడనంలోని ఆవిరితో క్రిములను చంపాకే) పారవేయాలి.

కక్ష్య సంగతి ఆ తరువాత. 2024 డిసెంబరు 30న పి.ఎస్.ఎల్.వి.-సి60తో వెళ్లిన పోయెమ్-4 వేదికపై (రాకెట్టు చివరి దశనే కక్ష్యలో ప్రయోగాలకు వాడే ఏర్పాటు ఇది) బెంగళూరు ఆర్.వి. ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు పేగు బ్యాక్టీరియా పరీక్షను పంపారు. మీకూ అటువంటి అవకాశం వస్తే, పెట్టెను అప్పగించే రోజుకూ, కక్ష్యలో దానికి విద్యుత్తు అందే రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడుస్తాయో ముందే అడిగి, ఆ సంఖ్యనే మీ పథకం మొదటి పంక్తిలో రాయండి.