బోర్లో ఊట తగ్గిందా? కొత్త బోరుకి పరిగెత్తే ముందు ఇవి చేసి చూడండి

మోటార్ వేసిన పది నిమిషాలకే పైపు బుసకొట్టడం మొదలవుతుంది, కాసిన్ని నీళ్ళు కాస్త గాలి, తర్వాత ఉత్త గాలే. ఇది మొదలైన రోజున ఇంట్లో అందరికీ గుండె జారిపోతుంది, వెంటనే ఇంకో బోరు వేయిద్దామా, పెద్ద మోటార్ దించుదామా అని మొదలుపెడతాం. మేమూ అదే చేశాం. 1 హెచ్‌పీ మోటార్ ఉండేది, పొద్దున్నే స్విచ్ వేసి ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయేవాళ్ళం, అలా నీళ్ళు లేకుండా తిరిగి తిరిగి ఒకరోజు కాలిపోయింది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ పెద్దది వేస్తే లాగుతుంది అన్నాడు, సరే అని 1.5 వేయించాం, ఇంతకుముందు పది నిమిషాలు వచ్చే నీళ్ళు ఆరు నిమిషాల్లోనే అయిపోయాయి, అంతే తేడా. మోటార్ పెద్దదైతే బోర్లో నీళ్ళు పెరగవు, ఉన్నవి తొందరగా బయటికొస్తాయి, అంతే. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది అనే ఇదంతా రాస్తున్నా.

ముందు అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే బోర్లో నిలవ ఉన్న నీళ్ళు వేరు, లోపల బండ పగుళ్ళలోంచి వచ్చే ఊట వేరు. 6 అంగుళాల బోర్లో ఒక మీటర్ ఎత్తు నీళ్ళుంటే దాదాపు 18 లీటర్లు, అడుక్కి ఐదున్నర లీటర్లు అనుకోండి. మోటార్ పైన 30 మీటర్ల నీళ్ళు నిలబడి ఉంటే 540 లీటర్లు, పొద్దున్నే మోటార్ వేయగానే ధారగా వచ్చేది ఈ నిలవ నీళ్ళే. అవి అయిపోయాక వచ్చేదే అసలు ఊట. చేద బావి సంగతి వేరు, 2 మీటర్ల వెడల్పు బావిలో ఒక్క మీటర్ ఎత్తుకే 3,100 లీటర్ల పైన ఉంటాయి, అంటే బావే ఒక పెద్ద ట్యాంకు, అందుకే బావి ఉన్నవాళ్ళకి ఊట తగ్గిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఊట ఎంతుందో మీరే కొలుచుకోవచ్చు, ఎవర్నీ పిలవక్కర్లేదు. రాత్రంతా మోటార్ వేయకుండా వదిలేయండి. పొద్దున్నే సన్నటి పురికోసకి ఒక బరువైన ఇనుప నట్టు కట్టి బోర్లోకి వదలండి, కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) మూత దగ్గర చెవి పెట్టి వింటే నట్టు నీళ్ళని తాకినప్పుడు టప్ మని చిన్న చప్పుడు వస్తుంది, తాడు మీద అక్కడ ముడేసి బయటికి తీసి కొలవండి, అదే మీ నీటి మట్టం. మోటార్ వైరుకీ తాడుకీ చిక్కుపడకుండా నెమ్మదిగా దించాలి, ముందు మెయిన్ ఆఫ్ చేసుకోవాలి, ఆ ఇరుకు సందులో నట్టు పట్టదనిపిస్తే ఇది వదిలేయండి, చిక్కుకుంటే పెద్ద తలనొప్పి.

తర్వాత మోటార్ వేసి పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. 20 సెకన్లలో నిండితే నిమిషానికి 60 లీటర్లు. ధార పలచబడి బుసకొట్టడం మొదలవగానే ఆపేయండి, సరిగ్గా గంట ఆగండి, మళ్ళీ వేసి ఈసారి బుసకొట్టేలోపు ఎన్ని బకెట్లు వచ్చాయో లెక్కపెట్టండి. మాకు తొమ్మిది బకెట్లు వచ్చాయి, అంటే గంటలో 180 లీటర్లు ఊరింది, నిమిషానికి 3 లీటర్లు. వినడానికి ఏం లేదు, కుళాయి సన్నగా తిప్పినట్టు ఉంటుంది. కానీ రోజంతా లెక్కేస్తే 4,320 లీటర్లు! సగమే నమ్ముకున్నా 2,160. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున నలుగురికి కావాల్సింది 540. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజున నాకు నిజంగా కళ్ళు తెరుచుకున్నాయి, మేము ఎండిపోయిందనుకున్న బోరు మాకు కావాల్సినదానికి నాలుగు రెట్లు ఇవ్వగలదు, మేమే పొద్దున ఒక్కసారి లాగేసి లేవు లేవు అనుకుంటున్నాం.

ఇక్కడ ఇంకో విషయం ఉంది, చాలామందికి తట్టదు. నిండిన బోర్లోకి ఊట రాదు. మట్టం కిందికి ఉన్నప్పుడు చుట్టూ ఉన్న నీళ్ళు జోరుగా లోపలికి వస్తాయి, మట్టం పైకి వచ్చేకొద్దీ నెమ్మదించి, పూర్తి మట్టానికి చేరాక ఆగిపోతాయి. కాబట్టి రోజుకి ఒకసారి మొత్తం తోడడం కంటే గంటకో రెండు గంటలకో కొంచెం కొంచెం తోడితే అదే బోరు ఎక్కువ నీళ్ళిస్తుంది. మిగతా పద్ధతి అంతా దీన్నించి వచ్చిందే.

అంటే మోటార్ చిన్నది కావాలి, నిలవ చేసుకునే ట్యాంకు పెద్దది కావాలి. కింద ఒక సంప్ ఉండి బోరు నీళ్ళు అందులో పడితే, అక్కడ్నించి పైకి ఎక్కించడానికి వేరే చిన్న మోటార్ పెట్టుకుంటే అన్నిటికన్నా హాయి. సంప్ కట్టే జాగా లేకపోతే నేల మీదే ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకోండి, కనీసం రెండు రోజుల వాడకానికి సరిపడా. బోరు మోటార్‌కి టైమర్ పెట్టించండి, మా లెక్కకి గంటకి రెండు నిమిషాలు చాలు, మీ బకెట్ల లెక్కని బట్టి మీది పెట్టుకోండి, బుసకొట్టే టైముకి కాస్త ముందే ఆగేలా. మరీ పొట్టి టైమ్ అనిపిస్తే రెండు గంటలకోసారి నాలుగు నిమిషాలు. గంటకి పదిసార్లు ఆన్ ఆఫ్ అయ్యేలా మాత్రం వద్దు, స్టార్ట్ అయ్యే ప్రతిసారీ మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. టైమర్ని నేరుగా మోటార్ లైన్లో కాకుండా స్టార్టర్ కాంటాక్టర్ (మోటార్ లాగే పెద్ద కరెంటుని మోసే స్విచ్) ద్వారా కలపమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, లేకపోతే టైమర్ లోపలి పాయింట్లు మాడిపోతాయి. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ కూడా ఉండాలి, నిండాక పొంగి పోకుండా.

ఇంకా ముఖ్యమైంది డ్రై రన్ ప్రొటెక్షన్, అంటే నీళ్ళు లేనప్పుడు మోటార్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు. బోర్లో నీళ్ళలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటార్ చల్లబడేది దాని చుట్టూ కదిలే నీళ్ళతోనే, నీళ్ళు లేకుండా తిరిగితే లోపల బుష్షులు అరిగి, వేడెక్కి పోతుంది. నీళ్ళు అయిపోగానే మోటార్ మీద లోడ్ తగ్గి కరెంటు లాగడం పడిపోతుంది కదా, ఆ తేడా పట్టుకుని ఆపేసే ప్యానెళ్ళు ఉన్నాయి, మళ్ళీ ఎంతసేపటికి స్టార్ట్ అవ్వాలో కూడా సెట్ చేసుకోవచ్చు. బోర్లోకి వైర్లు దించి మట్టం పసిగట్టే రకం కూడా ఉంది. ఏదో ఒకటి పెట్టించండి, దయచేసి దీని దగ్గర లోభించొద్దు, మాకు మొదట్లో ఇది ఉండుంటే ఆ మోటార్ బతికేది.

మోటార్ మార్చే పరిస్థితి లేదంటే డెలివరీ పైపుకి గేట్ వాల్వ్ పెట్టి సగం వరకు మూసుకోండి, ధార తగ్గి బోరు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పూర్తిగా మూసి మాత్రం నడపొద్దు.

ఇంతకీ ఊట ఎందుకు తగ్గిందో కూడా చూసుకోవాలి, ఇందాక కొలిచిన మట్టం ఇక్కడ పనికొస్తుంది. పొద్దుటి మట్టమే బాగా కిందికి దిగిపోయి, చుట్టుపక్కల వాళ్ళవీ అలాగే ఉంటే భూమిలో నీళ్ళు తగ్గాయని. మట్టం ఎప్పటిలాగే ఉండి, మోటార్ వేయగానే దబ్బున పడిపోతుంటే మీ బోరు పగుళ్ళు పూడుకుపోయాయేమో, సున్నం లాంటి పొర పట్టడం, ఇనుము ఎక్కువున్న నీళ్ళలో ఎర్రటి జిగురు పేరుకోవడం మామూలే. మట్టం పడట్లేదు, అయినా పైన ధార సన్నగా వస్తోందంటే బోరు తప్పు కాదు, లోపల పైపు జాయింట్ లీకో, మోటార్‌లో నీళ్ళని పైకి నెట్టే చక్రం (ఇంపెల్లర్) అరగడమో. ఈ మూడో రకానికి కొత్త బోరు వేయించుకున్న వాళ్ళని చూశాను, చాలా బాధేస్తుంది.

పూడుకుపోతే కంప్రెసర్ పెట్టి గాలి కొట్టించి ఫ్లషింగ్ చేయించొచ్చు, మొదట బురద, తర్వాత ఎర్ర నీళ్ళు, ఆఖర్న తేట నీళ్ళు వస్తాయి, తేటగా వచ్చేదాకా ఆపనివ్వకండి. గట్టి రాతి నేలల్లో హైడ్రో ఫ్రాక్చరింగ్ అని నీళ్ళని బాగా ప్రెషర్‌తో లోపలికి కొట్టి పగుళ్ళు తెరిపించే పద్ధతి ఉంది, గ్యారంటీ ఏం లేదు కానీ అడిగి చూడొచ్చు. అదే బోరుని ఇంకా లోతు చేయించడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు, రాతి నేలల్లో లోతుకి వెళ్ళేకొద్దీ పగుళ్ళు తగ్గుతూ పోతాయి. దానికన్నా ముందు మీ మోటార్ ఏ లోతులో వేలాడుతోందో కనుక్కోండి, కింద ఇంకా 20 మీటర్ల నీళ్ళుండగా మోటార్ పైనే ఉంటే, దాన్ని కిందికి దించితే చాలు, మీటర్‌కి 18 లీటర్లు కలిసొచ్చినట్టే. ఆ లోతు నుంచి పైదాకా ఎత్తగలిగే శక్తి (హెడ్ అంటారు) మోటార్‌కి ఉందో లేదో చూసుకోవాలి, అడుగు నుంచి మూడు నాలుగు మీటర్లు పైనే ఆపాలి, లేదంటే బురద పీలుస్తుంది.

చేద బావి అయితే పూడిక తీయించడమే సగం మందు. కానీ ఒక మాట, ఎంత చిన్న బావి అయినా ఎవరినీ ఊరికే లోపలికి దింపొద్దు. అడుగున ఆక్సిజన్ తక్కువుంటుంది, విష వాయువులు ఉండొచ్చు, దీపం వెలుగుతోంది కదా అని దిగిన మనిషి కుప్పకూలుతాడు, కాపాడదామని రెండోవాడు దిగుతాడు, ఇద్దరూ పోతారు. పెట్రోల్ ఇంజన్‌ని బావి లోపల పెట్టి నడపడం ఇంకా ఘోరం. గ్యాస్ మీటరు, గాలి కొట్టే బ్లోయరు, నడుముకి తాడు, పైన మనుషులు ఇవన్నీ ఉన్న అనుభవస్తులకే ఇవ్వండి. పని అయ్యాక క్లోరిన్ వేసి శుద్ధి చేసి, ఆ నీళ్ళు తోడి పారబోసి, అప్పుడు వాడుకోవాలి.

ఇంట్లో వాడకం గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను, లీకులు మాత్రం పట్టుకోండి. రాత్రి పడుకునే ముందు పై ట్యాంకులో మట్టం దగ్గర సుద్దతో గీత గీయండి, పొద్దున ఎవరూ లేవకముందే చూడండి, దిగితే ఎక్కడో కారుతున్నట్టే. ఎక్కువసార్లు దొంగ ఫ్లష్ ట్యాంకే, అందులో కాస్త రంగు కలిపి పావుగంట ఫ్లష్ నొక్కకుండా ఆగితే కింద బేసిన్లోకి రంగు దిగుతుందో లేదో తెలిసిపోతుంది. బట్టల మిషన్ వేసే రోజూ మొక్కలకి నీళ్ళు పట్టే రోజూ ఒకటి కాకుండా చూసుకుంటే బోరు మీద భారం తగ్గుతుంది.

వాన నీళ్ళు వదులుకోవద్దు. చదరపు మీటర్ మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటర్, అంటే 100 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వానకి 2,000 లీటర్లు, పోయింది పోగా 1,600 చేతికొస్తాయి. మొదటి వాన దుమ్ముతో వస్తుంది, దాన్ని బయటికి వదిలేసి తర్వాతది వడగట్టి సంప్‌లోకి, మిగిలింది ఇంకుడు గుంతలోకి. గుంతలో కింద పెద్ద రాళ్ళు, మధ్యలో కంకర, పైన ఇసుక, ఏడాదికోసారి పైన ఇసుక మార్చాలి. డాబా పైపుని నేరుగా బోర్లోకి దించేయడం తప్పు, మురికీ క్రిములూ సూటిగా తాగే నీళ్ళలోకి వెళ్తాయి. సెప్టిక్ ట్యాంకు దగ్గర గుంత తవ్వొద్దు, కనీసం 15 మీటర్లు ఎడం ఉండాలి, ఎంత దూరముంటే అంత మంచిది.

నెలకోసారి మట్టం కొలిచి తేదీతో సహా గోడ మీదో పుస్తకంలోనో రాసుకోండి, బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో కూడా. ఎండాకాలం వచ్చేలోపు టైమర్ ఎంత తగ్గించాలో ఆ అంకెలే చెప్తాయి. ఒకవేళ మరీ కష్టమై ట్యాంకర్ తెప్పించాల్సి వస్తే ఆ నీళ్ళు సంప్‌లోనే పోయించుకోండి, బోర్లో మాత్రం పొయ్యనివ్వకండి, పోసినవి పగుళ్ళలోంచి ఎటో వెళ్ళిపోతాయి, ఆ నీళ్ళు బాగోకపోతే మీ బోరు కూడా పాడవుతుంది.