మ్యాప్‌లో ఇంపీరియా ప్రావిన్స్‌ని ఎలా చూడాలి
ముందు మ్యాప్ ఓపెన్ చేసి ఇటలీ, ఫ్రాన్స్ బోర్డర్ దగ్గర ఇటలీ వైపున్న వెంటిమిల్యా ఊరు పట్టుకోండి, అక్కణ్ణుంచి తీరం వెంబడే తూర్పుకి వస్తే సాన్‌రేమో, తర్వాత ఇంపీరియా తగుల్తాయి (జనం సాన్‌రేమోలోనే ఎక్కువ, ప్రావిన్స్ హెడ్‌క్వార్టర్స్ మాత్రం ఇంపీరియా ఊరు, అదో విచిత్రం).

ఇప్పుడు జూమ్ చేసి ఇంపేరో నది చూడండి, అసలు కథంతా ఇక్కడే. తూర్పున ఒనేల్యా 1576 నుంచి సవోయ్ వంశానిది, పడమట పోర్టో మౌరిత్సియో జెనోవా రిపబ్లిక్‌ది, పక్కపక్క ఊళ్ళే కానీ రాజ్యాలు వేరు, చివరికి 1923లో రెండిట్నీ చుట్టుపక్కల పల్లెల్తో కలిపేసి నది పేరు మీదే ఇంపీరియా అని పెట్టేశారు.

అంతకుముందు రికార్డులు కావాలంటే 'పోర్టో మౌరిత్సియో ప్రావిన్స్' అని వెతకండి, 1860లో పక్కనున్న నీస్ నగరం ఫ్రాన్స్‌కి పోయాక ఇటువైపు మిగిలిన ముక్క అదే.

పైన ఉత్తరాన కొండలు కూడా చూడండి, 'సాక్కరెల్లో' అనే శిఖరం 2,200 మీటర్లు, లిగూరియాలో (ఈ ప్రావిన్స్ ఉన్న ఇటలీ ప్రాంతం) అదే ఎత్తైంది.